బల్లకు వీపు తిప్పి

ఆ ఉదయం నీవెస్ నేలమాళిగలో ఒక సీసా తెరిచింది. బిరడా ఎగిరి దూలానికి తగిలింది. నురగ పొంగి ఆమె మోచేతి దాకా కారింది. తండ్రి పోయాక ఆమె సొంతంగా చేసిన మొదటి లాంబ్రుస్కో అది. సీసాలోకి ఎక్కించాక రెండోసారి పులవాల్సిన వైన్. పులిసిందో లేదో తెరిచేదాకా తెలియదు. పులిసింది. ఆమె చేయి కూడా కడుక్కోకుండా నాలుగు సీసాలు కారులో వేసుకుని, పో నది వంతెన దాటి, లెయార్కో హోటల్ ముందు ఆగింది. ఏ వారమో చూసుకోలేదు.

లెయార్కో చలికాలమంతా బల్లల మీద ఒకటే వైన్ పెడతాడు. ఇన్నేళ్ళూ అది సహకార సంఘం వాళ్ళ తియ్యటి రకం. ఈసారి మార్చే ఆలోచనలో ఉన్నాడు. అతను తీసుకుంటే నీవెస్‌కు ద్రాక్షతోట నిలుస్తుంది. తీసుకోకపోతే వసంతంలో పక్క రైతుకు కౌలుకు ఇచ్చేయాలి. ఆ రైతుతో మాట కూడా అయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. గుమ్మం దగ్గరి బల్ల ముందు జెలిందో, ఫెర్రుచ్చో ఉన్నారు. జెలిందో నదిలో ఇసుక పడవలు నడిపి మానుకున్నాడు. ఫెర్రుచ్చోకు ఎదురుగా సెలూన్ ఉంది. ఈ ఇద్దరికీ నచ్చనిది ఆ హోటల్లో నిలవదు.

“ఏం తెచ్చావే?” అన్నాడు జెలిందో.

“తాగి చెప్పు మామా.”

గ్లాసులో గులాబీ రంగు నురగ లేచి అణిగింది. లెయార్కో పళ్ళేలు తెచ్చిపెట్టాడు. జెలిందో ఒక ముద్ద తిన్నాడు. ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది.

“ఇందులో నిమ్మకాయ పిండావా పిల్లా?”

“నాలుక గీసుకుపోయింది,” అన్నాడు ఫెర్రుచ్చో. “నా కత్తి నయం.”

“నీ కత్తి సంగతి నా చెవినడుగు,” అన్నాడు జెలిందో.

నీవెస్ పళ్ళెంలోకి చూసింది. గుమ్మడికాయ కూరి ఉడికించిన పిండి బిళ్ళలు, తొర్తెల్లి. అందులో బాదం బిస్కెట్ల పొడి, పాకంలో ఊరిన పండ్ల ముక్కలు. అంతా తీపి. తీపి తిన్న నోటికి ఆమె వైన్‌లో పులుపు తప్ప ఇంకేమీ తెలియదు. కొవ్వున్న మాంసంతో తాగడానికి చేసిన వైన్ అది.

“గుమ్మడికాయ పెట్టావేంటన్నా? చారులో మాంసం కూరిన ఆన్యోలి ఏవి?”

“ఇవాళ శుక్రవారం,” అన్నాడు లెయార్కో. “మా నాయనమ్మ కాలం నుంచీ శుక్రవారం ఈ ఇంట్లో మాంసం లేదు.”

నది అవతల నీవెస్ వాళ్ళ వైపు ఆ పట్టింపు ఎప్పుడో పోయింది. నీవెస్ నుదురు కొట్టుకుంది.

“రేపొస్తాను.”

“సంఘం వాళ్ళకి సాయంత్రం ఫోన్ చేస్తానన్నాను. వీళ్ళు చూస్తే ఇలా అంటున్నారు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?”

ఆమె సీసాలు ఎత్తుకోబోయి ఆగింది. వంటింట్లోంచి వాసన వస్తోంది. కోడిపుంజు, ఎముకలు, ఉల్లిపాయ.

“అదేంటి?”

“రేపటి చారు. అమ్మ పొద్దున్నే పొయ్యెక్కించింది.”

“ఒక్క గరిటె ఇవ్వన్నా.”

“మా అమ్మ నన్ను చంపుతుంది.”

దిర్చే గరిటెతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. లెయార్కో తల్లి ఆమె. వంట ఇప్పటికీ ఆమెదే.

“ఎవరే నా చారు అడిగేది?”

“నేనే అత్తా. నీవెస్‌ని.”

“శుక్రవారం నా బల్ల మీదికి మాంసం రాదు. ఎవరడిగినా రాదు.” దిర్చే గోడవైపు చూసింది. అక్కడ చలికి కట్టెల పొయ్యి మండుతోంది. “మీ నాన్న అక్కడ నిలబడే తాగేవాడు. పొయ్యి బల్ల కాదుగా.”

“అమ్మా!”

“ఏరా, రేపటి చారుకి ఉప్పెవడు చూస్తాడు? నా నాలుక ఎప్పుడో మానేసింది. తినడం వేరు, ఉప్పు చూడడం వేరు.”

ఆ పద్ధతిని అక్కడ బెవ్రిన్‌విన్ అంటారు. భోజనానికి ముందు వేడి చారు గిన్నెలో వైన్ పోసుకుని, బల్లకు వీపు తిప్పి, పొయ్యి దగ్గర నిలబడి తాగడం. ఆ కాసేపు తాగేవాణ్ణి ఎవరూ పలకరించరు.

జెలిందో లేచి వెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాడు. దిర్చే గరిటెడు చారు పోసింది. నీవెస్ వైన్ వంచింది. వేడికి నురగ బుసబుసమని గిన్నె అంచుదాకా లేచింది. చారు ఊదారంగుకు తిరిగింది. జెలిందో తాగాడు.

“ఎలా ఉంది మామా?” అని నీవెస్ ఆగలేక అడిగేసింది.

“ఉప్పు తెలియలేదు. ఇంకోసారి పోయవే.”

“జరుగు ముసలాడా, నీకు తెలిసి చావదు,” అంటూ ఫెర్రుచ్చో అతన్ని పక్కకు నెట్టాడు. తాగాడు. గిన్నె వంచి అడుగు కూడా చూశాడు. “ఒసేయ్! ఇందాకటిదేనా ఇది?”

అదే సీసా. చారులోని కొవ్వును వగరు పట్టుకుంది. పులుపు దాన్ని కడిగేసింది. మిగిలింది చెర్రీల రుచి, ఇంకో గుక్కకు ఖాళీ అయిన నోరు. పక్క బల్ల దగ్గరి లారీ డ్రైవర్లు కూడా లేచారు. “మేమూ ఉప్పు చూస్తాం,” అన్నారు. పొయ్యి దగ్గర వరస కట్టారు. రెండో సీసా తెరిచారు. బిరడా దీపానికి తగిలింది. అందరూ అరిచారు.

చివరికి లెయార్కో గిన్నె తీసుకుని వీపు తిప్పాడు. నీవెస్‌కు అతని మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది. తల నెమ్మదిగా వెనక్కి వంగింది. చెవులు ఎర్రబడ్డాయి. అతను ఇటు తిరగలేదు. ఖాళీ గిన్నెను మాత్రం వెనక్కి చాపాడు.

“ఎన్ని పెట్టెలున్నాయి?”

“సరిపడా,” అంది నీవెస్.

“వారానికి ఆరు రోజులు దీన్ని పెట్టు,” అంది దిర్చే. “శుక్రవారం సంఘం వాళ్ళది. గుమ్మడికాయకి ఆ తియ్యటిదే సరి.”

నీవెస్ గుమ్మం బయటికి వెళ్ళి పక్క రైతుకు ఫోన్ చేసింది. తోట ఇవ్వడం లేదని అరిచి మరీ చెప్పింది. లోపలికి వచ్చేసరికి దిర్చే నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

“ఇంతకీ ఉప్పు ఎలా ఉందిరా?”

ఉప్పు ఎవరూ చూడలేదు.

“నేను చూస్తా అత్తా,” అని నీవెస్ గిన్నె అందుకుని బల్లకు వీపు తిప్పింది.