తోడొచ్చిన అక్క

రొమ్ము క్యాన్సర్ నాకు, ఏడుపు మా అక్కకు. కీమో గదిలో పక్కన ఒకరుండాలన్నారని ఆవిడను వెంటబెట్టుకురావడం నా బుద్ధితక్కువ. నర్సు నా చేతికి సూది గుచ్చగానే అక్క గొల్లుమంది. నాకు ధైర్యం చెప్పడానికి వచ్చిన కౌన్సెలర్ నావైపు వీపు తిప్పి, అక్కను ఓదారుస్తూ కూర్చుంది. నర్సు మంచినీళ్ళు కూడా అక్కకే ఇచ్చింది.

“అక్కా, మందెక్కుతున్నది నాకు. కాసేపు ఊరుకుంటావా?”

“నీకేమే, రాతిగుండె నీది,” అని ముక్కు చీదింది.

అంతలో నాకు కడుపులో తిప్పింది. నోరు తెరిచేలోపే అక్క నా గడ్డం కింద బేసిన్ పెట్టింది. ఏడుపు ఆపకుండానే నా నుదురు గట్టిగా పట్టుకుంది.

“వచ్చేసారి ఇంకెవరినైనా తెచ్చుకోండమ్మా,” అంది నర్సు జాలిగా.

నాకు ఒళ్ళు మండింది.

“మా అక్కే వస్తుంది. మీరు మంచినీళ్ళు సిద్ధంగా ఉంచండి, చాలు.”