పేరు పిలిస్తేనే

నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు. బళ్ళో టీచరు హాజరు వేస్తూ ఆ పేరు పిలవడమే ఆలస్యం, వెనక బెంచీ పొడుగోడు నడుం వంచి, స్కేలు ఊతకర్రలా పట్టుకుని ఖళ్ళుఖళ్ళున దగ్గేవాడు. "ముసలమ్మా!" అంటూ క్లాసంతా గొల్లున నవ్వేది. నా "ప్రెజెంట్" గొంతులోనే ఉండిపోయేది.

ఇప్పుడు నేను క్రేన్ నడుపుతాను. మా సైట్లో నాలుగు క్రేన్లు. పొరపాటు జరగకుండా ఒక నియమం పెట్టుకున్నాం. కింద సరుకు కట్టినవాళ్ళు వాకీటాకీలో డ్రైవరును పూర్తి పేరుతో పిలవాలి. డ్రైవరు పలికాకే కొక్కెం లేవాలి.

నిన్న కొత్త ఫోర్‌మన్ వచ్చాడు. అంత ఎత్తునుంచి కూడా ఆ పొడుగును గుర్తుపట్టాను. క్రేన్ బోర్డు మీద నా పేరు చూసి వాడూ పోల్చుకున్నాడు.

"ఏమే ముసలమ్మా, ఇనుము కట్టేశాం, ఎత్తు!"

నేను ఉలకలేదు, పలకలేదు.

"ఏం, చెవుడు కూడా వచ్చిందా?"

పక్కనున్న మేస్త్రీ నవ్వాపుకుంటూ, "పేరు పెట్టి పిలవండి సార్. లేకపోతే మా అక్క పొద్దుగూకేదాకా అలాగే కూర్చుంటుంది," అనడం నాకూ వినిపించింది.

వాడేదో గొణిగాడు.

"వినబడలేదండీ," అన్నాను.

సైటంతా పని ఆపి చూస్తోంది. వాడు ఈసారి నిజంగానే దగ్గి, గొంతు సవరించుకుని, మా నాయనమ్మ పేరును ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచాడు. అందరి వాకీటాకీల్లోనూ ఆ పేరు ఖంగున మోగింది. ఒక్కరూ నవ్వలేదు.

"ప్రెజెంట్!" అని లివర్ లాగాను.