సగమే ఎండిన చేప

ఎండుచేపలమ్ముకుని బతికే ఇంట్లో ఎండంటే గిట్టని కోడలా! కూర్మమ్మకు ఒళ్లు మండిపోయింది.

చేపలు ఆరబెట్టడానికి ఇసుక మీద వలలు పరిచే ముందు రేఖ రోజూ తలుపు చాటుకు వెళ్లి, ఒక ట్యూబులోంచి తెల్లటి క్రీము తీసి మొహానికీ మెడకూ పట్టిస్తోంది. అదేమిటని నిలదీస్తే, "బుగ్గల మీద మంగు వత్తన్నాది అత్తా. నరసన్నపేట డాక్టరమ్మ ఎండలోకెళ్లే ముందు రాసుకోమంది" అంది. కూర్మమ్మ నమ్మితేనా! మంగు తనకూ ఉంది. ఈ తీరాన చేపలు ఎండబెట్టే ఆడవాళ్లలో ఎవరికి లేదు? అందరూ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తారా?

అసలు భయం వేరే. పెద్దకోడలూ ఇలాగే ముందు అద్దంలో మొహం చూసుకోవడం మొదలుపెట్టింది. ఆనక మొగుణ్ణి వెంటబెట్టుకుపోయి విజయనగరంలో కాపురం పెట్టేసింది. ఇప్పుడు చిన్నకొడుకు ఎల్లాజీ కూడా పెళ్లాం వెనకాలే పోతే, తనకు మిగిలేది వలలూ కాకులూ.

రేఖ నీళ్లకు వెళ్లినప్పుడు కూర్మమ్మ ట్యూబు తీసి వాసన చూసింది. ఏదో మందు వాసన. దాని గుట్టు తేల్చడానికి కూర్మమ్మకు తెలిసిన దారి ఒక్కటే. పొట్ట చీల్చి ఉప్పు పట్టించిన కానాగడత చేపనొకదాన్ని తీసుకుని, సగానికి క్రీము దట్టంగా పులిమి, విడిగా ఎండలో పెట్టింది. సాయంత్రం దాకా కాకుల్ని తోలుతూ కాపలా కాసింది. అప్పుడు వేలితో నొక్కి చూసింది. ఒట్టి సగం గట్టిపడింది. క్రీము పూసిన సగం మెత్తగా, జిగటగా ఉంది.

"ఒసే రేఖా, ఇలా రాయే! నీ మందు సేసిన పని సూడు. సేప కుళ్లిపోతన్నాది. రేపు నీ మొకవూ ఇంతే!"

రేఖ చేపను చూసి, అత్తను చూసి పకపకా నవ్వింది. "కుళ్లడం కాదత్తా, ఎండ తగల్లేదు. నాకూ అదే గదా కావాల! నానేటి ఎండబెట్టుకునే సేపనా?"

కూర్మమ్మ ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నది బయటికొచ్చేసింది. "ఎండ పడనిదానివి ఇక్కడెందుకుంటావు? నువ్వూ నా కొడుకుని లాక్కెల్పోతావు. నాకు తెల్దేటి?"

రేఖ నవ్వు ఆగిపోయింది. "ఎల్పోయేదాన్నయితే ఈ క్రీమెందుకత్తా? ఏ నీడపట్టునో కూకుందును. రోజూ ఈ ఇసకలోనే ఉండాల గాబట్టే గదా రాసుకుంటన్నాను."

కూర్మమ్మ ఆ చేపను తీసుకెళ్లి ఇసుకలో పాతేసింది. తిరిగొచ్చి, ట్యూబును కొంగుతో తుడిచి కోడలి చేతిలో పెట్టింది.

"పొదుపుగా రాసుకోయే" అంది. "సగం ఆ సేపే తినేసినాది."