ల్యూబెన్ కారు

ల్యూబెన్ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన ఆ ఉదయమే అయింది. గేటుకి అతికించిన చావు కబురు కాగితంలో అతని ఫొటో వానకి వెలిసిపోయింది. పెన్కాకి మాత్రం మొగుడు బజారుకెళ్ళినట్టే ఉంది. పెరట్లో ఉన్న పాత ఎర్ర కారులో ఇంకా అతని పొగాకు వాసన ఉంది మరి. రోజూ సాయంత్రం వెళ్ళి, డ్రైవరు పక్కనున్న తన సీట్లో కాసేపు కూర్చుని వస్తుంది. ఇంట్లో ఆపాటి తోడు కూడా లేదు.

పిల్లలు లేరు కాబట్టి కారులో మరిది స్తోయన్‌కీ వాటా ఉంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, ప్రార్థనలో పంచిన ఉడికించిన గోధుమలు నములుతూనే అతను తుక్కు లారీని పిలిచేశాడు.

"స్టీరింగు పట్టడం రాదు, నీకు కారెందుకు వదినా? పైగా స్టార్టే కాదు. ఇవాళ స్టార్టయిందా, నువ్వే ఉంచుకో, మళ్ళీ నోరెత్తను. కాలేదా, లారీ ఎక్కించేద్దాం."

పెన్కా వీధి చివరి మెకానిక్ కిరిల్‌ని చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

కిరిల్ తాళం తిప్పాడు. ఇంజను గిరగిరా తిరిగింది గానీ అందుకోలేదు.

"బ్యాటరీ బానే ఉంది," అన్నాడు. గొట్టం ఊడదీసి, "పెట్రోలూ వస్తోంది," అన్నాడు. ప్లగ్గు విప్పి ఇనుముకి ఆనించి, మళ్ళీ తిప్పించి చూశాడు. "నిప్పురవ్వ లేదు పిన్నీ."

రవ్వ పుట్టించే కాయిలు మార్చినా అదే వరస. లారీవాడు హారను మోగించాడు.

"బాబాయి ఎక్కడైనా దొంగ స్విచ్చి పెట్టాడా? అది నొక్కితేగానీ ఇంజను అందుకోదు. కార్లు ఎత్తుకుపోయే రోజుల్లో అందరూ పెట్టుకున్నారు. పెళ్ళాలకి కూడా చెప్పేవాళ్ళు కాదు."

"నాకు చెప్పకుండానా?"

"మా అన్న నీకన్నీ చెప్పాడనుకున్నావా!" అని స్తోయన్ నవ్వాడు.

కిరిల్ డ్రైవరు వైపంతా తడిమాడు. ఏమీ దొరకలేదు. "నువ్వు నీ సీట్లో కూర్చో పిన్నీ. కారెక్కాక బాబాయి ఏం చేసేవాడో వరసగా చెప్పు."

"తలుపేసేవాడు. దగ్గేవాడు. అద్దం సర్దుకునేవాడు. తర్వాత..." మరిది వైపు చూసి ఆగిపోయింది.

"సిగ్గుపడితే లారీ పట్టుకుపోతుంది," అన్నాడు కిరిల్.

"నా మోకాలి మీద చెయ్యేసేవాడు. ఎంత పోట్లాడుకున్న రోజైనా సరే. అప్పుడే తాళం తిప్పేవాడు."

కిరిల్ డ్రైవరు సీట్లోంచి వంగాడు. గేరు దాటి, డాష్‌బోర్డు అడుగుకి వేళ్ళు పోనిచ్చాడు. టిక్కుమంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది.

స్తోయన్ మాట మీద నిలబడ్డాడు. లారీని పంపించేసి తనూ వెళ్ళాడు. కిరిల్ కూడా చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

పెన్కా ఒక్కతే మిగిలింది. గెలిచానన్న సంతోషం లేదు. ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి పడగానే ఎంత కోపమైనా కరిగిపోయేది. అదంతా స్విచ్చి కోసమా? నిలదీద్దామంటే మనిషి లేడు. ఒళ్ళు మండిపోయింది.

ఇంజను ఆపాలి. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, మొదటిసారి మొగుడి సీట్లో కూర్చుంది. అతనిలాగే వంగి చెయ్యి చాపింది. స్విచ్చి వెంటనే అందింది. తన మోకాలు ఉండే చోటు అక్కడికి ఇంకా జానెడు అవతల ఉంది.

స్విచ్చి కోసమే అయితే మోకాలిని ముట్టుకోవలసిన పనే లేదు.

స్విచ్చి నొక్కగానే ఇంజను ఆగిపోయింది. ఖాళీగా ఉన్న తన సీటు మీద చెయ్యి వేసి, పెన్కా భోరున ఏడ్చింది.