పరుపులాయన ఇంటికొచ్చే మోహిని

మోహిని పట్టినవాడు ఎండుపుల్లలా చిక్కిపోతాడంటారు. మన పరుపులాయన చూస్తే శుభ్రంగా గడ్డం గీసుకుని, ఒళ్ళు చేసి, పరుపుల్లో దూది కూరుతూ కూనిరాగాలు తీస్తున్నాడు! భార్య పోయి ఏడాదైనా తిరక్కుండా ఇదేం చోద్యమని వీధంతా చెవులు కొరుక్కుంది. రాత్రిళ్ళు ఇంటికి ఎవరో వస్తున్నారన్న సంగతి చివరికి అతని అక్క చెవిన పడింది.

అక్క అల్లాటప్పా మనిషి కాదు. దుకాణంలోకి వస్తూనే దూదిబస్తా మీద చతికిలబడి నిలదీసింది.

"రాత్రిళ్ళు నీ ఇంటికి వచ్చేదెవర్రా?"

"నా పెళ్ళామేనక్కా."

"నీ మొహం! పోయినవాళ్ళు వస్తారట్రా? ఆ రూపంలో వచ్చేది మోహిని. నీ మనసులో ఉన్నదంతా చదివేసి నీకే అప్పజెబుతుంది. నీకు తెలియనిది దానికీ తెలియదు."

దారం ఎక్కించబోతున్న సూది అతని చేతిలోనే ఉండిపోయింది.

అక్క గొంతు తగ్గించింది. "ఆవేళ నువ్వు మందులకని వెళ్ళావు చూడు, అప్పుడు నీ పెళ్ళాం నాతో ఒక మాట చెప్పి కన్నుమూసింది. నీతో అనడానికి నాకే నోరు రాలేదు. అదేంటో ఇవాళ అడుగు. చెప్పిందా, నేనింక నోరెత్తను. చెప్పలేదా, భూతవైద్యుణ్ణి తెస్తా."

ఆ రాత్రి ఆమె వచ్చింది. అతను అడిగాడు, అడగక మానలేదు. పెళ్ళయ్యాక తాము మొదట పడుకున్న పరుపు రంగేమిటని అడిగాడు. అలిగితే ఏ మూల కూర్చునేదని అడిగాడు. ఆమె అతని చేతి మీద తలపెట్టుకుని, నవ్వుతూ అన్నీ పొల్లుపోకుండా చెప్పింది. అసలు అడగాల్సిన మాట మాత్రం అతని నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. తెల్లవారింది. పాపం, ఎంత ఆశపడ్డాడో!

పొద్దున్నే అక్క దిగింది. "అడిగావా?"

"లేదక్కా. తెలియదంటే నేనేమైపోవాలి?" అంటూ అతను ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఆ మాటేదో ముందు నాకు చెప్పు. ఇవాళ తప్పకుండా అడుగుతా."

"ఒరేయ్ పిచ్చి సన్నాసీ! నీకు చెబితే దానికీ తెలిసిపోతుంది కదరా!"

"అందుకేనక్కా."

తిట్టడానికి నోరు తెరిచిన అక్కకు దుఃఖం ముంచుకొచ్చింది. తమ్ముడి తల నిమురుతూ ఆ మాట చెప్పేసింది.

"'వదినా, ఆయన నిద్రలో దుప్పటి తన్నేస్తారు. చలికి ముడుచుకుంటారే గానీ లేచి కప్పుకోరు. ఇంక ఎవరు కప్పుతారో ఏమో' అందిరా."

అతను వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మళ్ళీ చెప్పక్కా. ఒక్క ముక్క కూడా తేడా రాకూడదు."