ఏడేళ్ల ఉరుకు

నేను ఒక స్క్రోలింగ్ లైన్‌ను. టీవీలో వార్తల కింద పరిగెత్తే అక్షరాల వరుస ఉంటుంది చూడండి, ఆ జాతిదాన్నే. కాకపోతే నాది సర్కారు కొలువు. ఒక జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయం వెబ్‌సైట్‌లో, పెద్దసారు ఫోటో కింద, ఎర్రరంగు వేసుకుని కుడి నుంచి ఎడమకు ఏడేళ్లు ఉరికాను. ఆదివారం లేదు, పండగ లేదు. ఎవరి తెర మీద ఉంటే వాళ్ల ముఖం నాకు కనిపిస్తుంది, వాళ్ల మాట వినిపిస్తుంది. మనుషుల గురించి నాకు తెలిసిందంతా అలా తెలిసిందే.

నన్ను పుట్టించింది షకీలా. ఆ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. మొదట నన్ను కదలకుండానే పెట్టింది పాపం. పెద్దసారు పరాంకుశం గారు చూసి పెదవి విరిచారు.

"గిట్ల నిలబడి ఉంటే ఏం బాగుంటదమ్మా? చూసినోళ్లు ఆఫీసు నిద్రపోతుందనుకుంటరు. ఉరికించు."

ఉరికించింది. ఇక నా ఎదుగుదల చెప్పాలి. కొత్త కలెక్టరు వచ్చారు, స్వాగతం రాయించారు. ఉగాది వచ్చింది, శుభాకాంక్షలు. కలెక్టరు బదిలీ మీద వెళ్లి ఇంకొకరు వచ్చారు, ఇంకో స్వాగతం. పాతది తీసెయ్యనా సార్ అని షకీలా అడిగితే పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు.

"తీసేస్తవా? ఆయన రేపు ఏ కుర్చీల కూసుంటడో నీకు తెలుసా, నాకు తెలుసా? ఉండనియ్యి."

అలా ఉండిపోయిన స్వాగతాలు, శుభాకాంక్షలు కలిపి పదకొండు పోగయ్యాయి. మూడోది పరాంకుశం గారి పదోన్నతికి ఆయన సిబ్బంది చెప్పిన అభినందన, పదకొండోది ఆయనకే వచ్చిన ఉత్తమ అధికారి అవార్డుకు చెప్పినది. నా తల దగ్గర 'కొత్తది' అని మిణుకుమిణుకుమనే ఒక బిళ్ల ఉండేది. అది నాలుగేళ్లు కొత్తగానే ఉంది. జనానికి పనికొచ్చే కబురు ఏదైనా ఉంటే అన్నింటికీ వెనక, తోకలో తగిలించేవారు. నేను మాత్రం పొడుగు పెరిగానని మురిసిపోయాను. సిగ్గులేని జన్మ.

ఆ తోకలోనే ఏటా ఒక కబురు వచ్చేది: మోటారు మూడు చక్రాల బండ్లకు దరఖాస్తులు, ఆఖరి తేదీ ఫలానా.

ఓదేలు అనే ఆయనకు కావలసింది ఆ బండి. గ్యాస్ స్టవ్వులు బాగుచేస్తాడు. చిన్నప్పుడే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేత్తో తిప్పే బండిలో ఊరూరూ తిరిగి తిరిగి కుడి భుజం అరిగిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే తిప్పితే ఆ చెయ్యి పైకి లేవదని డాక్టరు ఖాయంగా చెప్పాడు. ఆ చెయ్యి పోతే స్టవ్వుల పనీ పోతుంది. ఓదేలుకు చదువు వచ్చు, కానీ నిదానం. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటాడు. ఆయన ఫోన్‌లో నన్ను ఎన్నిసార్లు తెరిచాడో నాకు తెలుసు. 'గౌ' దగ్గర వేలు పెట్టేవాడు. 'గౌరవనీయులైన' పూర్తయ్యేలోగా నేను కలెక్టరుగారిని దాటి ఉగాదిలో ఉండేదాన్ని.

పోయినేడాది ఆఖరి తేదీ దాటిన మర్నాడు ఆఫీసుకు వచ్చాడు.

"ఫోన్ల చూస్తనే ఉన్న మేడం. చదువుదమనంగనే పోతాంది" అన్నాడు. కోపం లేదు, గొడవ లేదు. షకీలా తల వంచుకుంది. నేను మాత్రం అప్పుడు కూడా ఆయన ముందు నుంచే ఉరికాను. ఆగడం చేతకాని బతుకు నాది. ఆ రోజు నా మీద నాకే రోత పుట్టింది.

ఈ ఏడు రాజధాని నుంచి ఒక నియమాల పుస్తకం దిగింది. అన్ని శాఖల వెబ్‌సైట్లూ ఒకే తీరున ఉండాలట. జనానికి కావలసిన కబురు మొట్టమొదట, పెద్ద అక్షరాల్లో ఉండాలి. అధికారి ఫోటో బొటనవేలిని మించరాదు. కదిలే అక్షరాలు అసలే వద్దు. పరాంకుశం గారికి మొదట ఫోటో దగ్గర గుండె కలుక్కుమంది, తర్వాత నా దగ్గర.

"మన ఆఫీసు సంగతి వేరమ్మా. మినహాయింపు ఇయ్యుమని రాయి" అన్నారు.

పుస్తకంలో దానికీ ఒక మెలిక పెట్టారు. మినహాయింపు కోరే అధికారి, తన ఆఫీసు సేవలు పొందే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వెబ్‌సైట్ చదివించాలి. సాయం చెయ్యకూడదు. జరిగింది జరిగినట్టు రాసి పంపాలి. షకీలా ఆ పనికి ఓదేలును పిలిచింది. ఫోన్‌లో ఒక్క మాట చెప్పింది: "అన్నా, వచ్చేటప్పుడు నీ కాగితాలన్నీ పట్టుకరా." రోజు కూడా తనే ఎంచింది. ఎందుకో ఎవరూ అడగలేదు.

నాలుగింటికి ఓదేలును కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. బండ్ల దరఖాస్తుకు ఆఖరి తేదీ ఏదో చదివి చెప్పమన్నారు. మొదటి చుట్టులో మొదటి కలెక్టరుగారికి సగం స్వాగతం దొరికింది. రెండో చుట్టులో మిగతా సగం. పరాంకుశం గారు ముసిముసిగా నవ్వుతున్నారు. పదో చుట్టుకు ఓదేలు కుర్చీలో వెనక్కి వాలాడు.

"సార్, దీని ఎంట ఉరుకుడు నాతోని అయితే, నాకు మీ బండెందుకు?"

నవ్వు ఆగిపోయింది. పెద్దసారు కాస్త చిన్నబుచ్చుకుని, "జరుగు, నేను చూస్త" అంటూ కళ్లద్దాలు పెట్టుకున్నారు. చూశారు. ఉగాది వెళ్లింది, కలెక్టర్లు వెళ్లారు. పదకొండోదిగా తన పేరు వచ్చింది. ఎంతైనా సొంత పేరు కదా, దాన్ని కళ్లతో ఎడమ చివరదాకా సాగనంపారు. ఆయన చూపు తిరిగొచ్చేసరికి తేదీ కూడా గట్టు దాటింది. ఇంకో చుట్టు కాచుకున్నారు. ఈసారి దొరికింది.

"ఈ రోజే" అన్నారు. కళ్లద్దాలు తీసేశారు. "సాయంత్రం అయిదింటి దాకే." నెల కింద ఆ తేదీ మీద సంతకం పెట్టింది ఆయనే.

గోడ గడియారంలో నాలుగున్నర.  ఓదేలు ఎడమచెయ్యి కుడి భుజం మీదికి పోయింది. షకీలా అప్పటికే ఆయన తెచ్చిన ప్లాస్టిక్ కవర్లో నుంచి కాగితాలు తీసి పరుస్తోంది. పోయినేడాది నుంచి ఒక్కటీ నలగకుండా దాచుకున్న కాగితాలు. సైట్ రెండుసార్లు మొరాయించింది. పరాంకుశం గారు ఆమె వెనకే నిలబడ్డారు, ఒకరి పని అయ్యేదాకా ఆయన నిలబడగా నేను చూడటం అదే మొదలు. అయిదుకు ఏడు నిమిషాలుండగా దరఖాస్తు ఎక్కింది.

"మినహాయింపు లెటర్ ఏం చెయ్యను సార్?"

"వద్దమ్మా. దీన్ని ఆపెయ్యి" అన్నారాయన. కాస్సేపటికి, "ఆ స్వాగతాలు మాత్రం పారెయ్యకు" అని కూడా అన్నారు. మనిషి కదా. షకీలా వాటిని 'భద్రం' అనే ఫోల్డర్లో పెట్టింది. కలెక్టర్లు, ఉగాది, మిణుకుబిళ్ల ఇప్పుడు అక్కడే కాపురం. చూడవచ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

నన్ను మాత్రం పైకి తెచ్చి, నల్లరంగు పూసి, నిలబెట్టింది. మొదటి వారం కాళ్లు తిమ్మిరెక్కినట్టుండేది. ఇప్పుడు నా ఒంటి మీద ఉన్నది ఒకటే కబురు: మోటారు బండ్లకు ఎంపికైనవారు. దాని కింద పేర్లు.

ఈ పొద్దున ఒక చిన్న ఫోన్ నన్ను తెరిచింది. పగిలిన అద్దం మీద గ్రీజు మరక. ఓదేలు వేలు నా మొదటి అక్షరం మీద ఆనింది. అలవాటు కొద్దీ ఆయన తొందరపడ్డాడు. నేను ఎక్కడికీ పోవడం లేదని తెలిశాక నిమ్మళించాడు. ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ దిగాడు. ఎనిమిదో పేరు దగ్గర ఆగాడు. ఓ. దే. లు. మళ్లీ మొదటి నుంచి ఆఖరి పేరు దాకా చదివాడు.

"ఈసారి ఉరుకలే" అన్నాడు మెల్లగా.

ఏడేళ్లలో నన్ను చివరిదాకా చదివిన మొదటి మనిషి. ఆయన చాలాసేపు వేలు తియ్యలేదు. నేను కదల్లేదు.