సామాన్ల కాడ మనిషి

పులిహోర డబ్బా మూత దారిలో ఊడుతుందేమోనని వినోద దానికి రబ్బరు బ్యాండు రెండుసార్లు చుట్టింది. డబ్బా పక్కన రెండు నీళ్ల సీసాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కాలు బెణికితే కట్టడానికి గుడ్డపట్టీ, ఫోన్ పోతే పనికొస్తుందని నంబర్లు రాసిన చీటీ. హనుమకొండ నుంచి ఐనవోలు ఎంత దూరమని? అయినా ఇల్లు దాటుతున్నామంటే చాలు, వినోద మనసులో ముందు అంబులెన్సు కదులుతుంది, ఆ తర్వాతే బస్సు.

బిడ్డ తేజస్విది డిగ్రీ ఆఖరి ఏడాది. చేతిలో కెమెరా ఉంటే ఆకలి కూడా గుర్తుండదు దానికి. గుళ్లూ, ఆ గుళ్ల చుట్టూ బతికే మామూలు మనుషులూ. వాళ్ల ఫోటోలు తీస్తూ కాళేశ్వరం నుంచి అలంపురం దాకా పది రోజులు తిరిగి రమ్మని హైదరాబాదులో ఒక సంస్థ దాన్ని ఎంపిక చేసింది. తోడు నవ్య అని ఇంకో ఆడపిల్ల. ఇద్దరే. తండ్రి గోపాల్ బిడ్డతో అవునూ అనలేదు, కాదూ అనలేదు. చౌరస్తాలోని స్టీలు సామాన్ల దుకాణానికి బయలుదేరుతూ చెప్పులేసుకుంటూ, భార్యతో ఒక మాటన్నాడు. "ఇయ్యాల అది ఫోటోలకని ఐనవోలు పోతాంది గదా, నువ్వు దానెంట పోయి చూసిరా. నువ్వు వద్దంటే వద్దు. నీ మాటే ఫైనల్."

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో కూడా మేస్త్రీని అడిగాడు గానీ, దాని ముందు నిలబడేదాన్ని అడగలేదు. అందుకే బస్సు ఎక్కినప్పటి నుంచీ వినోదకు కొంచెం గొప్పగానే ఉంది. చెప్పాల్సిన మాట ఎప్పుడో సిద్ధం చేసుకుంది. వద్దు.

ఐనవోలు మల్లన్న గుడి దగ్గర రాతి తోరణం ఎండలో మెరిసిపోతోంది. తేజస్వి దాని వైపు చూడకుండానే కింద నుంచి నడిచి, గోడ నీడన సంచులూ చెప్పుల కుప్పలూ ముందేసుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర ఆగింది.

"ఏందే, దేవుని దిక్కు వీపు పెట్టి నిలబడ్డవ్?"

"దేవుని ఫోటోలు శానా ఉన్నయమ్మా. వీళ్లయే లేవు."

రఘునాథపల్లి నుంచి వచ్చిన బక్కమ్మ అనే ముసలామె ముందు కూర్చుంది తేజస్వి. కొడుకులూ మనవలూ దర్శనం లైనులో ఉన్నారట, కోడళ్లు బోనం వండుతున్నారట. కెమెరా పైకి లేవగానే బక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కొంగు సర్దుకుంది. బొడ్లో సంచి విప్పి ఆధార్ కార్డు తీసి, గడ్డం కింద నిటారుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టింది. పోయినసారి వేలిముద్ర పడలేదనీ, ఈసారి మొహం ఫోటో తీస్తే గాని పింఛను రాదన్నారనీ ఆమె గోడు. పక్కనున్న వాళ్ల చెవిన అది పడింది. చూస్తుండగానే పది మంది కార్డులు పట్టుకుని వరుస కట్టారు.

వినోద మనసులో అంబులెన్సు మళ్లీ కదిలింది. ఇది పింఛను ఫోటో కాదని ఇప్పుడు తెలుస్తుంది, తిడతారు, కెమెరా గుంజుకుంటారు, పోలీసులు వస్తారు, పేపర్లో పడుతుంది. బిడ్డ రెక్క పట్టుకుని బస్సెక్కేద్దామనుకుంది. తేజస్వి ఏమో డాక్యుమెంటరీ, ప్రాజెక్టు అని వివరిస్తోంది. వాళ్లు బుద్ధిగా తలూపి కార్డులు ఇంకా తిన్నగా పట్టుకుంటున్నారు. ఇక లాభం లేదని వినోదే వెళ్లి వాళ్ల మధ్య చతికిలబడింది.

"పింఛన్‌ది కాదవ్వా. మా పిల్ల ఉత్తగనే తీస్తాంది. లోపలికి పోయినోళ్లే వచ్చినట్టు కాదు గదా, సామాన్ల కాడ కూసున్నోళ్లు గూడ వచ్చిండ్రని అందరికి తెల్వాలె."

ఆ మాట బిడ్డ చెప్పమన్నది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో వినోదకే తెలియలేదు. బక్కమ్మ కార్డు సంచిలో పెట్టేసి, కాళ్లు బారజాపింది.

"ఏండ్ల సంది వస్తాన్న బిడ్డా. మల్లన్న మొకం ఎట్లుంటదో నన్నడుగకు. మా ఇంటోళ్ల చెప్పులెట్లుంటయో అడుగు, చెప్త."

అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే తేజస్వి టకటకా తీసేసింది.

వినోద కూడా నవ్వింది. నవ్వి ఆగిపోయింది. వేములవాడ, భద్రాచలం, శ్రీశైలం, తాను వెళ్లని గుడి ఏదీ లేదు. "వినోద ఉంటే ఫికర్ లేదు, అది సామాన్ల కాణ్నుంచి కదలదు" అని అత్తమ్మ నలుగురిలో అంటుంటే మెచ్చుకోలనే అనుకుంది. గోపాల్ దర్శనం నుంచి వచ్చి వేలితో ఇంత కుంకుమ ఆమె నుదుట పెట్టి, "ఇగ నీకూ అయినట్టే" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. మా వినోదకు భయమెక్కువ అన్న మాటా ప్రేమగానే ఇల్లంతా తిరిగేది. స్కూటీ కొంటానని కొనకపోతే వినోదకే భయమాయె అన్నారు. చెల్లెలింటికి పంపకపోతే, ఒక్కతే పోవాలంటే దానికే భయం అన్నారు. భయం నిజమే. కానీ ఇంట్లో ఎవరికి ఏది ఇష్టం లేకపోయినా దాని మీద ఈమె భయాన్ని కప్పేవారు. పొద్దున చెప్పులేసుకుంటూ ఆయన చేసిందీ అదే కదా. ఏం చెబుతుందో ముందే తెలుసు గనకే, ఇన్నేళ్లకు అడిగాడు.

తేజస్వి వచ్చి తల్లి భుజాన గడ్డం ఆనించింది. "నువ్వు లేకుంటే ఇయ్యాల ఒక్క ఫోటో గూడ పడేది కాదు అమ్మా."

"సరే తియ్యి గని, ముందుగాల పులిహోర తిను. మొకం ఎట్ల పీక్కపోయిందో."

రెండు ముద్దలు తిన్నదో లేదో, గోపాల్ ఫోన్. వెనక దుకాణంలో గిన్నెల చప్పుడు. ఎట్లా ఉందని అడిగి, జవాబు రాకముందే, ఆ సంస్థవాళ్లకు ఇప్పుడే ఫోన్ చేస్తున్నానన్నాడు. పిల్ల తల్లి వద్దంటాంది అని చెప్పేస్తానన్నాడు. తేజస్వి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల్లి మొహమే చూస్తోంది.

గోదావరి ఒడ్డు, గడియ పడని లాడ్జి తలుపు, బోల్తాపడిన బస్సు, స్విచాఫ్ అయిన ఫోన్. అన్నీ ఒకదాని వెంట ఒకటి వినోద కళ్ల ముందు నిలబడ్డాయి. ఒక్కటీ పక్కకు తప్పుకోలేదు.

"భయమైతాంది" అంది.

"నాకెరుకే గదా" అన్నాడాయన నిమ్మళంగా.

"ఇనుండ్రి. నాకు భయం రోజూ అయితది. మీరు పాలకు పోయినా అయితది. అది నా కాడ ఉంటది తియ్యి. పిల్ల పోతది."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "మరి ఏమన్న అయితే?" అన్నాడు గోపాల్. ఆయన గొంతులో ఆ ప్రశ్న వినడం వినోదకు ఇదే మొదలు.

"వద్దనాలంటే మీ నోటితోని మీరే అనుండ్రి" అంది వినోద. "ఇగ నా పేరు చెప్పకుండ్రి."